లిస్బన్‌కు ఇచ్చిన మాట

ఉగ్రవాద కేసులో నిందితుడు విదేశంలో దొరికాడన్న వార్త రాగానే మన దగ్గర మొదట పుట్టే ప్రశ్న, వాణ్ణి ఎప్పుడు తెస్తారని. తెచ్చాక పుట్టేది, ఇంకా ఎందుకు ఉరి తీయలేదని. ఈ రెండింటి నడుమ ఒక కాగితం ఉంటుంది. పంపే దేశం పెట్టిన షరతులు, తెచ్చుకునే దేశం ఇచ్చిన హామీలు అందులో ఉంటాయి. టీవీ చర్చల్లో ఆ కాగితం ఊసు పెద్దగా వినపడదు. అబూ సలేం విషయంలో ఆ కాగితం గడువు 2030లో తీరబోతోంది. అప్పుడు లేచే గోల ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు కాబట్టి ఆ తగువేదో ఇప్పుడే పడటం మేలనిపించి, ఇద్దరిని కల్పించుకున్నాను. ఒకరు ఉద్యోగ విరమణ చేసిన సోషల్ మాష్టారు, మరొకరు క్రిమినల్ కేసులు వాదించే ప్లీడరు. ఇద్దరిదీ కర్నూలే. సలేం, అతని సహచరి మోనికా బేడీల దొంగ పేర్ల పాస్‌పోర్టులు ఆ ఊరి చిరునామాతో పుట్టినవే కాబట్టి ఈ కేసు గురించి మాట్లాడే హక్కు కర్నూలుకు కాస్త ఎక్కువే ఉంది. మనుషులు కల్పితం, వాళ్లు చెప్పే సంగతులు కావు. నేను ప్లీడరు పక్షమని ముందే ఒప్పుకుంటున్నాను. అంతమాత్రాన మాష్టారి నోరు నొక్కే ఉద్దేశం లేదు.

మాష్టారు: ప్లీడరు గారూ, 1993 మార్చి 12 మధ్యాహ్నం రెండు గంటల తేడాలో ముంబైలో పన్నెండు చోట్ల బాంబులు పేలాయి. స్టాక్ ఎక్స్చేంజి, ఎయిరిండియా భవనం, ఝవేరీ బజారు, దాదర్‌లో ప్లాజా సినిమా హాలు. 257 మంది పోయారు, 713 మంది గాయపడ్డారు. ఆ కుట్ర కోసం ఆయుధాలు చేరవేశాడని కోర్టులో రుజువైన మనిషి అబూ సలేం. అలాంటివాణ్ణి ఉరి తీయబోమని, పాతికేళ్లకు మించి జైల్లో కూడా ఉంచబోమని 2002లోనే ఉప ప్రధాని అద్వానీ పోర్చుగల్‌కు రాసిచ్చారు. ఎవరినడిగి రాసిచ్చారు? ఆ 257 కుటుంబాల్లో ఒక్కరినైనా అడిగారా? ప్రజాస్వామ్యం అంటాం, ప్రజాభిప్రాయం అంటాం. తీరా ఇంత పెద్ద మాట ఇచ్చేటప్పుడు ప్రజలకు అందులో చోటే లేదు. జనాన్ని అడిగి ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ప్లీడరు: ఒప్పుకునేవారు కారు, నిజమే. ఒప్పుకోకపోతే ఏం జరిగేదో కూడా చెప్పి అడగాలిగా మాష్టారూ. సలేం 2002 సెప్టెంబరు 18న లిస్బన్‌లో పట్టుబడ్డాడు. మామూలు నేరాలకు ఉరిశిక్షను 1867లోనే తీసేసిన దేశం పోర్చుగల్. 1884లో యావజ్జీవాన్నీ తీసేసింది. అక్కడ ఎంతటి ఘోరానికైనా పాతికేళ్లే గరిష్ఠ శిక్ష. ఉరి పడే చోటికి, బతికినంత కాలం జైల్లో మగ్గే చోటికి తగిన హామీ లేకుండా మనిషిని పంపడానికి వాళ్ల రాజ్యాంగమే ఒప్పుకోదు. పైగా అప్పటికి మనకూ వాళ్లకూ అప్పగింత ఒప్పందమన్నదే లేదు. అది 2007లో గానీ కుదరలేదు. బాంబు దాడుల నిరోధానికి ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికను ఆసరా చేసుకుని మనవాళ్లు అడిగారు. 2002 డిసెంబరు 13న మన అప్పగింత చట్టాన్ని పోర్చుగల్‌కు వర్తింపజేస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు. నాలుగు రోజులకు, 17న, మీరంటున్న ఆ హామీ వెళ్లింది. అది వెళ్లాక కూడా లిస్బన్ కోర్టుల మెట్లన్నీ ఎక్కి దిగి, మనిషి మన గడ్డ మీద అడుగు పెట్టేసరికి 2005 నవంబరు. ఆ హామీయే లేకపోతే ఉరికి సిద్ధంగా ఉన్న సలేం మన చేతికి వచ్చేవాడు కాదు. దొంగ పత్రాల కేసులో అక్కడి శిక్ష ముగించుకుని లిస్బన్ వీధుల్లో తిరిగేవాడు. పాతికేళ్లా, ఉరా అన్న బేరం అక్కడ ఎప్పుడూ లేదు. పాతికేళ్లా, సున్నానా అన్నదే బేరం. అదే పేలుళ్ల కేసులో పరారీలో ఉన్న దావూద్ ఇబ్రహీం కోసం, టైగర్ మెమన్ కోసం మనం ఎవరికీ ఏ హామీ ఇవ్వలేదు. మన గౌరవం చెక్కు చెదరలేదు. వాళ్లూ చెక్కు చెదరలేదు.

మాష్టారు: దావూద్ పేరు చెప్పి నోరు మూయిద్దామని చూస్తున్నారు. సరే. అసలు 1961 దాకా గోవాను పట్టుకుని వేలాడిన పోర్చుగల్, మన కోర్టు ఎంత శిక్ష వేయాలో చెప్పడమేమిటండీ? రేపు ఇంకో దేశం మీ జైలు గదికి కిటికీ ఉందా, గాలి ఆడుతుందా అని అడుగుతుంది. అడిగారు కూడా. బ్యాంకు అప్పుల ఎగవేత కేసులో లండన్ చేరిన విజయ్ మాల్యా కోసం ముంబై ఆర్థర్ రోడ్డు జైల్లో 12వ నంబరు బరాకును వీడియో తీసి లండన్ కోర్టుకు చూపించుకోవాల్సి వచ్చింది. పెద్ద దేశమని మనకు మనం చెప్పుకోవడమే. ఎదుటివాడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడటం మాత్రం తప్పలేదు.

ప్లీడరు: చేతులు కట్టుకున్నవాళ్లలో అమెరికా కూడా ఉంది మరి. వర్జీనియాలో జంట హత్యల కేసులో యెన్స్ సోరింగ్ అనే జర్మన్ యువకుణ్ణి బ్రిటన్ నుంచి అడిగితే, మరణశిక్ష కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ బతకడమే అమానుషమని 1989లో యూరప్ మానవ హక్కుల కోర్టు అంది. ఆ శిక్ష తప్పిస్తామని అమెరికా చెప్పాకే పంపారు. ఉగ్రవాద కేసుల్లో అబూ హంజాను, బాబర్ అహ్మద్‌ను లండన్ నుంచి తీసుకెళ్లేటప్పుడు కూడా అంతే. మరణశిక్ష కోరబోమని, సైనిక ట్రిబ్యునళ్ల ముందు నిలబెట్టబోమని రాసిచ్చింది. సెప్టెంబరు 11 దాడులు చవిచూసిన దేశం అది. దాని సార్వభౌమత్వానికి ఏ లోటూ రాలేదు. ఇక మనకు ఇదేదో పోర్చుగల్ వచ్చి నేర్పిన పాఠం కూడా కాదు. నిందితుణ్ణి పంపిన దేశంలో ఆ నేరానికి ఉరి లేకపోతే, మన చట్టంలో ఉరి ఉన్నా యావజ్జీవమే వేయాలని అప్పగింత చట్టంలో 34-సి సెక్షన్ ఉంది. దాన్ని చేర్చింది మన పార్లమెంటే, అదీ 1993లో. బాంబులు పేలిన ఏడాదే. ఎవరినడిగారని మీరన్నారే, మనం ఓట్లేసి పంపినవాళ్లనే అడిగారు.

ఇక్కడ ప్లీడరు కాస్త చేయి చూపించారు. 34-సి ఉరి సంగతి ఒక్కటే చెబుతుంది. పాతికేళ్ల పరిమితి అందులో లేదు, అది మంత్రి ఇచ్చిన మాటలోంచే వచ్చింది. మాష్టారు ఈ సందును పసిగట్టకుండా ఉంటారా?

మాష్టారు: ఉరి వరకు చట్టం ఉందన్నారు, ఒప్పుకున్నాను. పాతికేళ్లకు చట్టమేదీ? ఒక మంత్రి సంతకం జడ్జి కలాన్ని కట్టేయగలదా? బిల్డర్ ప్రదీప్ జైన్ హత్య కేసులో 2015లో సలేంకు యావజ్జీవం పడింది. పేలుళ్ల కేసులో 2017 సెప్టెంబరులో ఉగ్రవాద కేసులు వినే టాడా కోర్టు మళ్లీ యావజ్జీవం వేసింది. యావజ్జీవమంటే ఊపిరి ఉన్నంత కాలమని సుప్రీంకోర్టే ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు తీర్పును నిలబెడితే మాట పోతుంది, మాటను నిలబెడితే తీర్పు పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి బతుకైంది.

ప్లీడరు: సరిగ్గా ఈ ముడినే సుప్రీంకోర్టు 2022 జులై 11న విప్పింది. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్‌ల ధర్మాసనం అది. ప్రభుత్వం ఇచ్చిన హామీకి న్యాయస్థానం కట్టుబడి ఉండనక్కర్లేదు, శిక్ష వేసే అధికారం కోర్టుదేనన్నారు. మీరన్న మాటే. అయితే హామీ ఇచ్చిన ప్రభుత్వం మాత్రం దానికి కట్టుబడాల్సిందేనన్నారు. పాతికేళ్లు నిండగానే, నెల రోజుల్లోగా, రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికి సలహా పంపాలి. లేదంటే శిక్ష తగ్గించడానికి చట్టం ఇచ్చిన సొంత అధికారాన్ని ప్రభుత్వమే వాడాలి. తీర్పు తీర్పుగానే ఉంటుంది, మాట మాటగానే ఉంటుంది. ఎక్కడ కుట్టాలో చూసి కుట్టారు. ఇంకో సంగతి కూడా తేల్చారు. 2002లో పట్టుబడిన రోజు నుంచి లెక్కపెట్టండని సలేం వాదించాడు. ఆ మూడేళ్లూ పోర్చుగల్‌లో చేసిన నేరానికి పోర్చుగల్ వేసిన శిక్ష కిందికి వచ్చాయి, మా లెక్క 2005 అక్టోబరు 12 నుంచేనని కోర్టు కొట్టిపారేసింది. కాబట్టి అడిగినదల్లా వాడికి ఇచ్చేశారని అనుకోకండి. మాటలో ఉన్నంత ఇచ్చారు, లేనిది ఇవ్వలేదు.

ఆ కేసులో కేంద్ర హోంశాఖ వేసిన అఫిడవిట్ చదివితే మన ప్రభుత్వాలకు ఈ విషయం ఎంత ఇబ్బందికరమో తెలుస్తుంది. హామీకి కట్టుబడి ఉన్నామంటూనే, ఆ ప్రశ్న 2030లో గానీ తలెత్తదు, ఇప్పుడెందుకన్న ధోరణి అందులో కనిపిస్తుంది. కోర్టు ఆ ధోరణిని మెచ్చుకోలేదు. జనానికి నచ్చని మాట ఒకటి తమ సంతకంతో ఉందని ఒప్పుకోవడానికి ఏ పార్టీ ప్రభుత్వమైనా వెనకాడుతుంది. ఆ సంతకం ఒక ప్రభుత్వానిది, తీర్చాల్సిన రోజు ఇంకొక ప్రభుత్వానిది అయినప్పుడు మరీనూ. మాష్టారు అసలైన దెబ్బ ఇంకా కొట్టలేదు. ఇప్పుడు కొడుతున్నారు.

మాష్టారు: చట్టం సంగతి చాలు, న్యాయం సంగతి చెప్పండి. 2017లో అదే రోజు, అదే కోర్టు, అదే కుట్రలో తాహిర్ మర్చంట్‌కు, ఫిరోజ్ ఖాన్‌కు ఉరి వేసింది. యాకూబ్ మెమన్‌ను ఇదే కేసులో 2015 జులై 30న నాగ్‌పూర్ జైల్లో ఉరి తీశారు. తనంతట తాను తిరిగొచ్చానని చెప్పుకున్న మనిషి అతను. కాదు, మేమే పట్టుకున్నామని సీబీఐ అంది. ఏదైతేనేం, యూరప్ దాకా పోలేనివాడికి ఉరితాడు పడింది, పోగలిగినవాడికి పాతికేళ్లకే తలుపు తెరుచుకుంటోంది. అంటే శిక్షను నిర్ణయించింది నేరం కాదు, పరుగెత్తిన దూరం. డబ్బున్నవాడు, దొంగ పాస్‌పోర్టు సంపాదించగలిగినవాడు ఏ దేశం చట్టం మెత్తగా ఉంటుందో చూసుకుని అక్కడ దిగుతాడు. ఆ దొంగ పాస్‌పోర్టు పుట్టింది మన ఊళ్లోనే కదండీ, ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది. మీ లెక్కన ఆ పాస్‌పోర్టే వాడి మెడను కాపాడింది. దీనికేం చెబుతారు?

ప్లీడరు: దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు మాష్టారూ. ఒకే కుట్రలో ఉన్నవాళ్లకు శిక్ష వేరువేరుగా పడటం అన్యాయమే. ఆ అన్యాయం ఆ హామీతో పుట్టలేదు. ఉరి ఉన్న దేశాలూ లేని దేశాలూ పక్కపక్కనే ఉన్న ప్రపంచంలో అది ఎప్పుడూ ఉంటుంది. దాన్ని సరిచేయడానికి మీ చేతిలో ఉన్న దారి చూడండి. సలేంకు ఇచ్చిన మాట తప్పడం ఒక్కటే. మాట తప్పితే యాకూబ్ తిరిగిరాడు. తాహిర్‌కు పడిన శిక్ష మారదు. ఇద్దరికి దక్కనిది మూడోవాడికి కూడా దక్కలేదన్న తృప్తి మిగులుతుంది, అంతే. ఆ తృప్తికి కట్టాల్సిన ధర మాత్రం చాలా పెద్దది. ఆ ధర తర్వాతి నిందితుడి కేసులో కడతాం.

ప్లీడరు మొదటి సగంలో నిజాయితీగా ఉన్నారు. మాష్టారి అభ్యంతరం నిలబడుతుంది. పారిపోయినవాడికి మేలు, దొరికినవాడికి ఉరి అన్నది ఏ న్యాయశాస్త్రంతోనూ సమర్థించుకోలేని తేడా. నన్నడిగితే ఆ తేడా చూసి సలేం శిక్ష పెంచాలని అడగడం కంటే, ఉరి ఎంత అదృష్టం మీద, ఎంత భూగోళం మీద ఆధారపడిన శిక్షగా మారిందో అడగడం సబబు. అది వేరే చర్చ, ఇక్కడ దాన్ని లాగను. తేల్చాల్సింది ప్లీడరు చివరి వాక్యం. మాట తప్పితే నిజంగానే ధర పడుతుందా, లేక అది లాయర్లు పెట్టే భయమా?

మాష్టారు: ధర అంటూ బెదిరిస్తున్నారు. మనం ఇదివరకే మాట తప్పామని పోర్చుగల్ కోర్టులే అన్నాయిగా. ఆకాశం విరిగి మీద పడిందా?

ప్లీడరు: పడబోయింది, తప్పించుకున్నాం. నిందితుణ్ణి ఏయే నేరాలకని అడిగి తెచ్చుకున్నామో వాటికే విచారించాలన్నది అప్పగింతకు ప్రాణం లాంటి సూత్రం. మన చట్టం 21వ సెక్షన్‌లోనూ ఉంది. తెచ్చాక మనవాళ్లు కొన్ని అదనపు అభియోగాలు మోపారు. అవి చిన్నవే, పాత వాస్తవాల్లోంచే వచ్చాయి కాబట్టి ఫరవాలేదని 2010లో మన సుప్రీంకోర్టు అంది. లిస్బన్ కోర్టుకు అలా అనిపించలేదు. షరతు తప్పారంటూ 2011లో అప్పగింత అనుమతినే రద్దు చేసింది. 2012లో అక్కడి సుప్రీంకోర్టు సరేనంది. మనిషి మన జైల్లో ఉన్నాడు కాబట్టి ఆ రద్దు కాగితం మీదే మిగిలింది. వాళ్ల ఉత్తర్వుకు మా కోర్టులు కట్టుబడవని చెబుతూనే, ఆ అదనపు అభియోగాలు ఉపసంహరించుకుంటామని సీబీఐ అడిగితే 2013లో మన సుప్రీంకోర్టు ఒప్పుకుంది. సీబీఐకి సలేం మీద జాలి పుట్టిందా? లేదు. ఏరు దాటాక బోడి మల్లన్న అనే దేశమన్న పేరు పడితే, ఇంకో ఒడ్డున ఉన్న నిందితులను దాటించే ఓడ దొరకదని అర్థమైంది. పేరు ఇంకో విధంగా పడితే ఏమవుతుందో పురూలియా కేసులో చూశాం.

పురూలియా కథ ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా పల్లెల మీద ఒక ఆంటొనోవ్ విమానం నుంచి ఆయుధాల పెట్టెలు జారవిడిచారు. వందలాది ఏకే-47 తుపాకులు, లక్షల్లో తూటాలు. కొద్ది రోజులకే ఆ విమానాన్ని ముంబైలో దింపారు. బ్రిటన్ పౌరుడు పీటర్ బ్లీచ్, అయిదుగురు సిబ్బంది దొరికారు. అసలు సూత్రధారిగా మనం చెప్పే కిమ్ డేవీ మాత్రం విమానాశ్రయం నుంచే జారుకున్నాడు. అతను నీల్స్ హోక్ అనే డెన్మార్క్ దేశస్థుడని తేలింది. ఉరి వేయబోమని, శిక్ష పడితే డెన్మార్క్‌లోనే అనుభవించవచ్చని మనం హామీలిస్తే 2010లో డెన్మార్క్ ప్రభుత్వం సరేనంది. ప్రభుత్వం నమ్మింది గానీ కోర్టు నమ్మలేదు. భారత్‌లో కస్టడీలో చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందంటూ కింది కోర్టు కాదంది. 2011 జూన్‌లో హైకోర్టు కూడా అదే మాట అంది. మనం పట్టు వదలకుండా మళ్లీ అడిగితే 2024 ఆగస్టులో హిల్లెరోడ్ కోర్టు మళ్లీ తలుపు మూసింది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడిక మీద మనం 1997లోనే సంతకం పెట్టాం, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఒక చిత్రహింసల నిరోధక బిల్లు ఆమోదించింది, రాజ్యసభ దాటలేక అది మురిగిపోయింది. అలాంటి చట్టం చేయమని 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో చెప్పింది. అదీ కాగితాల్లోనే ఉంది. కిమ్ డేవీని తేలేకపోయారని ఛానళ్లలో కోపం చాలా చూశాం. ఆ చట్టం ఎందుకు చేయలేదని కోపం ఎప్పుడైనా చూశామా?

మాష్టారు: మీరు కావాలని ఒకవైపు ఉదాహరణలే ఏరుతున్నారు. తహవ్వుర్ రాణా సంగతి చెప్పరేం? ముంబై 26/11 దాడుల్లో 166 మంది చనిపోయారు. ఆ కేసులో నిందితుడైన రాణాను 2025 ఏప్రిల్ 10న అమెరికా నుంచి ఢిల్లీకి తెచ్చారు. పాతికేళ్ల షరతు లేదు, ఏమీ లేదు. గట్టిగా అడిగాం, ఇచ్చారు. అప్పుడు కూడా ఇంతే గట్టిగా అడిగి ఉంటే పోర్చుగల్ ఇచ్చేదేమో!

ప్లీడరు: గట్టిగా అడగడం కాదు మాష్టారూ, ఓపికగా అడగడం. అమెరికాలోనే ఉరి ఉంది కాబట్టి ఆ షరతుతో వాళ్లకు పని లేదు. షరతు ఎప్పుడూ పంపే దేశం చట్టంలోంచి వస్తుంది, మనం బల్ల గుద్దినంత మాత్రాన మారదు. రాణాను తేవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. 2009లో షికాగోలో పట్టుకున్నారు. 2011లో అక్కడి జ్యూరీ డెన్మార్క్ పత్రికపై దాడి కుట్రలో, లష్కరే తొయిబాకు సాయపడటంలో దోషి అంది. ముంబై దాడులకు సాయపడ్డాడన్న అభియోగం మాత్రం కొట్టేసింది. మనం అడిగినది ఆ ముంబై దాడులకే. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదని అతను వాదించాడు. అక్కడి కోర్టులు ఒక్కో నేరంలో ఏమేం రుజువు కావాలో విడదీసి చూసి, ఇవి వేరు నేరాలన్నాయి. 2023లో మేజిస్ట్రేటు, 2024లో అప్పీలు కోర్టు, 2025 జనవరిలో సుప్రీంకోర్టు. సరిగ్గా ఈ వాదనే మన కర్నూలు కేసులో మోనికా బేడీ చేసింది. పాస్‌పోర్టు కేసులో లిస్బన్‌లో శిక్ష అనుభవించాను, మళ్లీ ఇక్కడేమిటంది. దొంగ పత్రాన్ని అక్కడ వాడటం వేరు, ఇక్కడ మోసం చేసి సంపాదించడం వేరు అని 2010లో మన సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. దోషిగా నిలబెట్టి, అప్పటికి అనుభవించిన కాలాన్నే శిక్షగా సరిపెట్టింది. అదే కేసులో సలేంకు 2013లో హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్లు వేసింది. ఏ తర్కం మన కోర్టులో మనం ఒప్పుకున్నామో, అలాంటి తర్కమే అమెరికా కోర్టులో మనకు పనికొచ్చింది.

మాష్టారు: మరి హెడ్లీ? ముంబైలో తిరిగి, తాజ్ హోటల్‌ను వీడియో తీసి, దాడికి దారులు వేసినవాడే రాడు, వాడి మిత్రుడు వస్తాడు. మాట నిలబెట్టుకోవడమంటే ఇదేనా? అమెరికా తన ఖైదీకి మాటిస్తే దాన్నీ గౌరవించమంటారా?

ప్లీడరు: మింగుడు పడదు, నాకూ పడదు. నేరం ఒప్పుకుని నోరు విప్పితే భారత్‌కు పంపబోమని 2010లో అమెరికా ప్రాసిక్యూటర్లు అతనికి మాటిచ్చారు. ఆ మాట తప్పాలని మనం వాషింగ్టన్‌ను ఒత్తిడి చేయొచ్చు, ఫలితం ఉండదు. ఆ మాట మీద నమ్మకంతోనే అతను మాట్లాడాడు. 2016లో వీడియోలో ముంబై కోర్టు ముందు అప్రూవర్‌గా లష్కరే గురించి రోజుల తరబడి చెప్పాడు. 35 ఏళ్ల శిక్ష అక్కడే అనుభవిస్తున్నాడు. ఇది న్యాయమని నేననను. మన చేతికి వచ్చినదింతే, దాన్ని వాడుకున్నాం.

హెడ్లీ విషయంలో మాష్టారిదే పైచేయి అనిపిస్తుంది నాకు. ఒకరికిచ్చిన మాట ఇంకొకరి న్యాయాన్ని ఎగదన్నినప్పుడు మాట పవిత్రత గురించి మాట్లాడితే చెవికింపుగా ఉండదు. అయితే తేడా ఒకటుంది. హెడ్లీకి మాటిచ్చింది అమెరికా, మనం కాదు. మన నియంత్రణలో లేని మాట మీద కోపం వేరు, మన సంతకమే ఉన్న మాటను మనమే చించుతామనడం వేరు.

మాష్టారు: చివరిగా ఒకటి. ప్రజాభిప్రాయమంటే మీకు మరీ చులకనగా ఉంది. బ్రిటన్‌లో చూడండి. బాబర్ అహ్మద్‌ను అమెరికాకు పంపొద్దని, విచారిస్తే ఇక్కడే విచారించండని లక్షా నలభై వేల మందికి పైగా సంతకాలు చేశారు. పార్లమెంటులో చర్చ జరిగింది. అక్కడ ప్రజలు అడగొచ్చు, మనం అడిగితే ఆవేశమా?

ప్లీడరు: మంచి ఉదాహరణ, కానీ మీ వైపు కాదు. అన్ని సంతకాలు వచ్చినా 2012 అక్టోబరు 5న బాబర్ అహ్మద్‌నూ అబూ హంజానూ విమానం ఎక్కించారు. పదకొండు రోజులకు, 16న, అదే హోం మంత్రి థెరిసా మే, అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడిన గ్యారీ మెకిన్నన్‌ను పంపడం లేదని ప్రకటించారు. అతని అనారోగ్యం, ఆత్మహత్య భయం కారణంగా చెప్పారు. ఆ కారణాలు నిజమే కావొచ్చు. మెకిన్నన్ కోసం పెద్ద పత్రికలు ఏళ్ల తరబడి ఉద్యమం నడిపాయన్నదీ నిజం. ప్రజాభిప్రాయం ఎవరి మొహం చూసి జాలిపడుతుందో ఆ నెలలో తేలిపోయింది. ఆ పైన ఏమైందో వినండి. అమాయకుడని సంతకాలు చేసినవాళ్లు నమ్మిన బాబర్ అహ్మద్ 2013లో నేరం ఒప్పుకున్నాడు. పరమ ప్రమాదకారి అని నమ్మినవాళ్లకూ చుక్కెదురైంది. ప్రాసిక్యూషన్ పాతికేళ్లు అడిగితే, ఉగ్రదాడుల మీద ఇతనికి ఆసక్తే లేదని తేల్చి జడ్జి పన్నెండున్నరేళ్లు వేసింది. శిక్ష పడిన మరుసటి ఏడాదే లండన్ తిరిగొచ్చాడు. రెండు గుంపులూ తప్పే. సాక్ష్యాలు చూసింది ఆ జడ్జి ఒక్కరే.

మాష్టారు: అయితే ప్రజలు నోరు మూసుకుని కూర్చోవాలంటారు.

ప్లీడరు: లేదు. అడగాల్సిన చోట అడగాలి. ఏ దేశాలతో ఒప్పందం లేదో అడగండి. చిత్రహింసల చట్టం ఏమైందని అడగండి. ఇకమీద హామీ ఇచ్చేటప్పుడు దాన్ని పార్లమెంటు ముందు పెట్టాలని అడగండి, ఈ ఒక్క విషయంలో మీ మొదటి ప్రశ్నకు నేను తల వంచుతాను. ఇవన్నీ మాట ఇవ్వక ముందు చేసే పనులు. ఇచ్చాక, నిందితుణ్ణి తెచ్చుకున్నాక, ఆ 257 కుటుంబాల పేరు చెప్పి దాన్ని తప్పమనడం ఆ కుటుంబాలకే నష్టం. టైగర్ మెమన్ ఎప్పటికైనా ఏదో ఒక దేశంలో దొరికితే, అక్కడి జడ్జి ముందు మన లాయరు చూపించుకోగలిగే ఆధారం సలేం ఫైలు.

మాష్టారు: చూపించేది సరే, 2030 సంగతి చెప్పండి. అక్టోబరులో పాతికేళ్లు నిండుతాయి, నెల రోజుల గడువు మొదలవుతుంది. అప్పుడు ఏ ప్రభుత్వం ఉంటుందో! ఏ మంత్రి రాష్ట్రపతి దగ్గరికి ఆ ఫైలు పంపి మర్నాడు మైకు ముందు నిలబడతాడు? మీ సుప్రీంకోర్టు తీర్పు సంతకం పెట్టమంటుంది, ఓట్లు వేయించదు.

ప్లీడరు: అందుకే ఇప్పటి నుంచే జనానికి చెప్పమంటున్నాను.

మాష్టారు: చెబితే వింటారనుకుంటున్నారా?

ప్లీడరు: కొందరు వింటారు. మీరు ఒప్పుకోకపోయినా ఇంతసేపు విన్నారుగా.

మాష్టారు: విన్నాను. యాకూబ్ సంగతి మాత్రం మీరింకా బాకీ ఉన్నారు.